ఆ ఏడుపు మనసుదా... మెదడుదా?

పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి ఉన్నట్టుండి ఏడుస్తాడు. పలకరిస్తే ఏడుపు, పాత పాట వినపడితే ఏడుపు, మనవరాలు మంచినీళ్లు తెచ్చిస్తే ఏడుపు. 'దిగులు పెట్టుకున్నాడు' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు అది నిజం కాదు. కొన్నిసార్లు అదే నిజం. ఆ తేడా కనిపెట్టడం ఎలా?

కాలూ చెయ్యీ పడిపోయి, ఆస్పత్రిలో పదిరోజులుండి ఇంటికొచ్చిన పెద్దాయన్ని చూడటానికి బంధువులు వస్తారు. చేతిలో యాపిల్‌ పళ్లు, హార్లిక్స్‌ సీసా. 'ఎలా ఉన్నావు అన్నయ్యా?' అని అడుగుతారు. అంతే! అప్పటిదాకా కుదురుగా కూర్చుని టీవీ చూస్తున్న ఆయన ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. పెదాలు వణుకుతాయి. భోరుమంటారు. వచ్చినవాళ్లూ కళ్లు తుడుచుకుంటారు. 'పులిలాంటి మనిషి... ఎలా అయిపోయాడో' అనుకుంటూ లేస్తారు. వాళ్లు వీధి గుమ్మం దాటేలోపే ఆయన క్రికెట్‌ స్కోరు అడుగుతుంటారు.

నాలుగైదుసార్లు ఇలా జరిగాక ఇంట్లోవాళ్లు ఓ నిర్ణయానికొచ్చేస్తారు. ఆయన మనసు కష్టపడుతోంది కాబట్టి ఎవర్నీ రానివ్వకూడదు. పెళ్లికి తీసుకెళ్తే అందరి ముందూ ఏడుస్తారు కాబట్టి తీసుకెళ్లకూడదు. ఫిజియోథెరపిస్టు చెయ్యి ఎత్తించగానే ఏడుస్తున్నారు కాబట్టి నాలుగు రోజులు ఆపేద్దాం... అన్నీ ప్రేమతో చేసేవే. కానీ కోలుకోవడానికి అన్నిటికన్నా విలువైన మొదటి నెలల్లోనే మనుషులూ పోతారు, వ్యాయామమూ పోతుంది. దిగులు లేని మనిషికి అప్పుడు నిజంగానే దిగులు మొదలవుతుంది.

దీనికి తోడు మనకో సామెత ఉంది. 'నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్నీ నమ్మకూడదు' అని. ఆడవాళ్లకు అన్యాయం చేసిన ఈ సామెత, పక్షవాతం వచ్చిన మగవాళ్లకూ అంతే అన్యాయం చేస్తోంది. 'జీవితంలో కన్నీటిచుక్క రాల్చి ఎరగను, ఇప్పుడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నానే' అని వాళ్లు సిగ్గుతో చితికిపోతారు. మనుషుల్ని తప్పించుకు తిరుగుతారు. డాక్టరు దగ్గర కూడా నోరు విప్పరు.

డార్విన్‌ కంటపడింది!

ఇది ఇవాళ కనిపెట్టిన సంగతి కాదు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్‌ డార్విన్‌, మనుషులూ జంతువులూ భావాలను ఎలా వ్యక్తం చేస్తాయన్న అంశం మీద 1872లో ఓ పుస్తకం రాశారు. పక్షవాతం లాంటి కొన్ని మెదడు జబ్బులకు మనిషిని ఏడిపించే లక్షణం ప్రత్యేకంగా ఉందని అందులోనే గుర్తించారు. 1924లో లండన్‌ న్యూరాలజిస్టు కినియర్‌ విల్సన్‌ (విల్సన్స్‌ డిసీజ్‌కు ఆ పేరొచ్చింది ఈయన వల్లే) ఇలా అదుపు తప్పిన నవ్వూ ఏడుపుల గురించి వివరంగా రాశారు.

ఆ తర్వాత 1989లో బ్రిటన్‌లో అలన్‌ హౌస్‌, ఆయన సహచరులు మొదటిసారి స్ట్రోక్‌ వచ్చిన 128 మందిని ఏడాదిపాటు పరిశీలించారు. నెల తిరిగేసరికి 15 శాతం మందిలో, ఆరు నెలలకు 21 శాతంలో, ఏడాదికి 11 శాతంలో ఈ అదుపులేని ఏడుపు కనిపించింది. అంటే ఆరునెలల నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు! ఇంత మామూలు సమస్య గురించి ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు చెప్పేవాళ్లు మాత్రం తక్కువే.

వైద్యులు దీన్ని 'ఎమోషనలిజం' అనీ, 'సూడోబల్బార్‌ ఎఫెక్ట్‌' అనీ పిలుస్తారు. కొందరిలో ఏడుపు బదులు నవ్వు వస్తుంది. చావింటికి వెళ్లి పకపకా నవ్వేవాళ్లూ, నవ్వుతో మొదలై ఏడుపులోకి జారిపోయేవాళ్లూ ఉంటారు. 2019లో వచ్చిన 'జోకర్‌' సినిమాలో కథానాయకుడు తన నవ్వు ఒక జబ్బని రాసివున్న కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. అది స్ట్రోక్‌ కథ కాదుగానీ, అదుపులేని నవ్వు మనిషిని నలుగురిలో ఎలా నిలబెడుతుందో అందులో కనిపిస్తుంది.

బ్రేకు పడని బండి

ఏడవడమంటే కళ్లలో నీళ్లు రావడమొక్కటే కాదు. ముఖ కండరాలు ముడుచుకోవాలి, గొంతు పూడుకుపోవాలి, ఊపిరి ఎగదన్నాలి. ఇవన్నీ కలిపి నడిపించే యంత్రాంగం మెదడు కింది భాగంలో, అంటే మెదడు కాండంలో ఉంటుంది. దానికి పగ్గం మాత్రం పైనుండే మెదడు చేతిలో ఉంటుంది. 'నలుగురిలో ఉన్నావు, ఆపుకో' అని చెప్పేది అదే. ఎంత దుఃఖానికి ఎంత ఏడవాలన్న కొలత సరిచూడటంలో చిన్నమెదడుకూ పాత్ర ఉందని భావిస్తున్నారు. స్ట్రోక్‌ వల్ల ఈ దారుల్లో ఎక్కడ దెబ్బతగిలినా బ్రేకు సరిగ్గా పడదు. మనసులో కలిగింది పిసరంతే అయినా బయటికి మాత్రం బండి దూసుకొచ్చేస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. ఈ ఏడుపు ఎప్పుడూ కారణం లేకుండా వస్తుందనుకోవద్దు. చాలామందిలో కారణం ఉంటుంది. చనిపోయిన తల్లి గుర్తుకు రావడం, ఎవరో చేసిన మంచి మాటల్లోకి రావడం, సినిమాలో పెళ్లికూతుర్ని అత్తారింటికి సాగనంపడం... ఇంతకుముందు ఇవే విషయాలకు కళ్లు చెమర్చేవి. ఇప్పుడు బావురుమంటారు. అందుకే 'కారణం ఉంది కాబట్టి ఇది దిగులే' అని తీర్మానించడమూ, 'ఇది జబ్బు ఏడుపే, లోపలేమీ లేదు' అని కొట్టిపారేయడమూ రెండూ పొరపాట్లే.

ఏడుపుల్లో రకాలు

'ఊరికే ఏడుస్తున్నారండీ' అని ఆయన భార్య డాక్టరుకు చెబుతుంది. డాక్టరు బీపీ చూసి, చక్కెర రిపోర్టు చూసి, 'ధైర్యంగా ఉండాలి మాస్టారూ' అని భుజం తట్టి పంపిస్తారు. ఆ ఒక్కమాట వల్ల వైద్యుడికి తెలిసేది చాలా తక్కువ మరి. మన భాషలో ఏడుపుకి బోలెడు మాటలున్నాయి. కళ్లు చెమర్చడం వేరు, గొంతు పూడుకుపోవడం వేరు. భోరుమనడం వేరు, రాత్రిళ్లు దిండులో ముఖం దాచుకుని కుమిలిపోవడం వేరు. ఇందులో ఏది జరుగుతోందో చెబితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. వైద్యులు ముఖ్యంగా తెలుసుకోవాలనుకునేవి ఇవి.

ఎలా మొదలవుతుంది? అదుపులేని ఏడుపు హెచ్చరిక లేకుండా, క్షణాల్లో విరుచుకుపడుతుంది. దిగులుతో వచ్చే ఏడుపు ముందు మనసులో ముసురు పడుతుంది.

ఎంతసేపు ఉంటుంది? మొదటిది సాధారణంగా కొన్ని సెకన్లో, కొన్ని నిమిషాలో ఉండి టక్కున ఆగిపోతుంది. రెండోది ఆగినా ఆ బరువు గంటల తరబడి, రోజుల తరబడి ఉంటుంది.

ఆపుకోగలుగుతున్నారా? 'వద్దనుకున్నా వచ్చేస్తోంది' అన్నది చాలా విలువైన సమాచారం.

లోపల ఎలా ఉంది? 'అప్పుడు మీకు నిజంగా అంత బాధగా అనిపించిందా?' అని నేరుగా అడగాలి. 'అబ్బే, అంత లేదు. ఎందుకొచ్చిందో నాకే తెలీదు' అనే జవాబు వింటే ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. కొందరు నెలల తరబడి ఎవరూ అడగలేదు కాబట్టే చెప్పలేదు.

మిగతా రోజంతా ఎలా గడుస్తోంది? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఏడవని వేళల్లో మనవలతో కబుర్లు, పేపరు, కాఫీ మీద ఇష్టం అలాగే ఉన్నాయా? లేక ఏదీ పట్టనట్టు గోడవైపు తిరిగి పడుకుంటున్నారా?

కన్నీళ్లు లేని దిగులు

స్ట్రోక్‌ తర్వాత డిప్రెషన్‌ కూడా తక్కువేం కాదు. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి అది వస్తోంది. దాన్ని పసిగట్టడానికి ప్రపంచమంతటా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి ఎలా ఉంది, మనసు కుంగిపోయినట్టుందా, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకు చులకన, ఏకాగ్రత, నెమ్మదించడం లేదా కాలుగాలిన పిల్లిలా తిరగడం, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన... ఇలా 9 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 27కి 10గానీ అంతకుమించిగానీ వస్తే మరింత లోతుగా పరీక్షించాలి.

గమనించారా? ఆ 9 ప్రశ్నల్లో ఏడుపు గురించి ఒక్కటి కూడా లేదు! డిప్రెషన్‌ని కన్నీళ్లతో కొలవరన్నమాట. అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఏడ్చేవాడి గురించి ఇల్లంతా కంగారుపడుతుంది. ఏడవకుండా, అడగకుండా, 'నాకేం వద్దు' అంటూ మూల మంచం మీద పడుకున్నవాణ్ని 'పాపం, ఎవర్నీ ఇబ్బందిపెట్టడు' అని మెచ్చుకుంటుంది. వైద్యం ముందు అందాల్సింది చాలాసార్లు ఆ రెండో మనిషికి.

అయితే స్ట్రోక్‌ వచ్చినవాళ్ల విషయంలో మార్కుల్ని జాగ్రత్తగా చూడాలి. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం స్ట్రోక్‌ వల్లా, మందుల వల్లా కూడా రావచ్చు. కాబట్టి ఆసక్తి పోవడం, నిరాశ, అపరాధభావం, బతుకు మీద విరక్తి అన్నవాటికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. చావు ఆలోచనల గురించి అడిగితే లేని ఊహ కల్పించినట్టవుతుందని చాలామంది భయం. అడిగినంత మాత్రాన అలాంటి ఊహ పుట్టదు. పైగా అడిగేవాళ్లున్నారని తెలిస్తే మనిషికి బరువు దిగుతుంది.

ఇక అదుపులేని ఏడుపుకీ నవ్వుకీ వేరే కొలబద్దలున్నాయి. సీఎన్‌ఎస్‌-ఎల్‌ఎస్‌ అనేదాంట్లో 7 ప్రశ్నలు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 13గానీ అంతకన్నా ఎక్కువగానీ వస్తే అనుమానించాలంటారు. అయితే దాన్ని మొదట తయారుచేసింది ఏఎల్‌ఎస్‌ అనే నరాల జబ్బు ఉన్నవారి కోసం. స్ట్రోక్‌ వచ్చినవారి కోసమే ప్రత్యేకంగా రూపొందించిన టియర్స్‌-క్యూ అనే ప్రశ్నావళి ఇటీవలి సంవత్సరాల్లో బ్రిటన్‌ నుంచి వచ్చింది. ఏ ప్రశ్నావళి అయినా దారి చూపించేదే. తీర్పు చెప్పాల్సింది మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన వైద్యుడే. ఎందుకంటే అదుపులేని ఏడుపు, డిప్రెషన్‌ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు. ఒకటి దొరికింది కదా అని రెండోదాన్ని వెతకడం మానకూడదు.

మాట పడిపోతే...

మరి మాటే పోయినవారి సంగతేమిటి? ఎడమ మెదడులో స్ట్రోక్‌ వచ్చినవారిలో కొందరికి మాట రాదు, కొందరికి ఎదుటివాళ్ల మాట అర్థం కాదు. వారిని 9 ప్రశ్నలు అడిగి ప్రయోజనం లేదు. వారికోసమే బ్రిటన్‌లో 1998లో ఎస్‌ఏడీక్యూ అనే పద్ధతి తెచ్చారు. ఇందులో జవాబులు చెప్పేది రోగి కాదు, దగ్గరుండి చూసుకునేవాళ్లు. రాత్రి నిద్ర ఎలా ఉంది, కళ్లలోకి చూస్తున్నారా, నలుగురిలోకి రమ్మంటే వస్తున్నారా, ఏడుస్తున్నారా... ఇలా కంటికి కనిపించేవి మాత్రమే అడుగుతారు. ఏడుపొక్కటే చూసి దిగులనుకునే పొరపాటు ఇక్కడ మరీ ఎక్కువ జరుగుతుంది. మాట రానివారి విషయంలో మిగతా గుర్తుల్నే గట్టిగా పట్టుకోవాలి.

వాళ్ల ఏడుపులో మరోరకం కూడా ఉంది. చెంచా చూపించి 'ఇదేంటో చెప్పండి' అంటే పేరు నోటికి రాదు. మళ్లీ అడుగుతారు. మళ్లీ రాదు. దాంతో కోపం, చెమటలు, ఏడుపు ఒక్కసారే ముంచుకొస్తాయి. చేతకానితనం ఎదురైనప్పుడు మనిషి ఇలా బద్దలవడాన్ని వైద్యులు 'కెటాస్ట్రాఫిక్‌ రియాక్షన్‌' అంటారు. దానికి మందు కన్నా ముందు చేయాల్సింది ఆ చెంచాను పక్కనపెట్టడం, ఆయన చేయగలిగిన చిన్న పనితో మళ్లీ మొదలుపెట్టడం.

ఇవి కాక ఇంకా ఉన్నాయి. ఫిట్స్‌కి వాడే కొన్ని మందుల వల్ల, ముఖ్యంగా లెవిటిరాసిటమ్‌ వల్ల, కొందరిలో చిరాకూ కోపమూ పెరుగుతాయి. థైరాయిడ్‌ తగ్గినా, రక్తంలో సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్‌ ఉన్నా ప్రవర్తన మారుతుంది. చాలా అరుదుగా ఫిట్సే నవ్వు రూపంలో, ఏడుపు రూపంలో వస్తాయి. అందుకే వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించాలి. అప్పటిదాకా బాగున్న మనిషి ఒక్కపూటలో అయోమయంలో పడినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్‌ చేయాలి.

మందులున్నాయి... కానీ

అదుపులేని ఏడుపు చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దానంతటదే పలచబడుతుంది. రోజుకు పలుమార్లు వస్తూ, మనిషిని బయటికి రానివ్వకపోతే మందులు అవసరమవుతాయి. డెన్మార్క్‌ వైద్యులు సిటలోప్రామ్‌ అనే డిప్రెషన్‌ మందును ఇలాంటివారికిచ్చి చూసి, 1993లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షించింది కొద్దిమందినే అయినా, ఎక్కువమందిలో ఏడుపు కొద్దిరోజుల్లోనే తగ్గింది. డిప్రెషన్‌కి అదే మందు పనిచేయాలంటే వారాలు పడుతుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులనడానికి ఇదో సాక్ష్యం.

అలాగని స్ట్రోక్‌ వచ్చిన ప్రతివారికీ ముందుజాగ్రత్తగా వేసే మందులు కావివి. ఇదే కోవకు చెందిన ఫ్లూక్సెటిన్‌ని 3 వేలమందికి పైగా రోగుల మీద పరీక్షించిన ఫోకస్‌ అధ్యయనం 2018లో వెలువడింది. మందు వల్ల కొత్తగా డిప్రెషన్‌ రావడం తగ్గింది. కానీ కాలూ చెయ్యీ కోలుకోవడంలో తేడా రాలేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. పెద్దవయసు వారిలో ఈ మందులు సోడియంను తగ్గించవచ్చు. రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పూ ఉంటుంది. అవసరమెవరికో తేల్చుకున్నాకే వాడాలి. మొదలుపెట్టాక సొంతంగా ఆపకూడదు.

2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ సమస్య కోసమే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌, క్వినిడిన్‌ కలిపిన మాత్రను అనుమతించింది. మొదటిది మన దగ్గుమందుల్లో ఉండేదే! అలాగని దగ్గుమందు తాగేస్తే పని జరగదు. క్వినిడిన్‌ తోడు లేకపోతే కాలేయం దాన్ని త్వరగా విరిచేస్తుంది. క్వినిడిన్‌ వల్ల గుండె లయ దెబ్బతినే అవకాశమూ ఉంది కాబట్టి ఇలాంటి ప్రయోగాలు ఇంట్లో చేయకూడదు.

ఆ ఒక్క నిమిషం...

ఏడుపు ముంచుకొచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఎలా ఉండాలన్నదే ఇంట్లో రోజూ ఎదురయ్యే పరీక్ష. 'ఏడవకు, ఏడవకు' అంటూ మీదపడితే అది ఇంకా పెరుగుతుంది. లేచి వెళ్లిపోతే ఆ మనిషి అవమానంగా భావిస్తారు. మామూలుగా కూర్చోవాలి. భుజాలు వదులు చేసి నిదానంగా ఊపిరి వదలమనాలి. కూర్చున్న భంగిమ మార్చమనాలి. గదిలోని నీలిరంగు వస్తువులు లెక్కపెట్టమనడం లాంటి చిన్నపని కొందరికి బాగా పనిచేస్తుంది. తగ్గాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మాట కొనసాగించాలి.

చూడవచ్చే బంధువులకు గుమ్మంలోనే రెండు ముక్కలు చెప్పండి. 'బాబాయ్‌కి మధ్యలో ఏడుపొస్తుంది. జబ్బు లక్షణం. ఒక్క నిమిషం ఆగితే పోతుంది, మీరు కంగారుపడకండి' అంటే చాలు. ఈ మాట ఆయనే చెప్పగలిగితే మరీ మంచిది. వ్యాయామం ఆపాలా, కొనసాగించాలా అన్నది కూడా ఆయన్నే అడగాలి. 'ఆపొద్దు, కానివ్వండి' అనే జవాబే ఎక్కువసార్లు వినిపిస్తుంది. నొప్పి వల్ల ఏడుస్తున్నారేమో మాత్రం తప్పకుండా కనుక్కోవాలి.

డిప్రెషనని తేలితే మందులతో పాటు మాటల చికిత్స కూడా ఉంది. మానసిక వైద్యుడు అందుబాటులో లేని ఊళ్లవారు టెలి-మానస్‌కి ఫోన్‌ చేయవచ్చు. 2022లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

నోటుపుస్తకంలో రాసుకోండి

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు వారాలపాటు ఓ పాత నోటుపుస్తకంలో ఇవి రాయండి.

* రోజుకు ఎన్నిసార్లు ఏడ్చారు లేదా నవ్వారు? ఏ వేళలో?
* దానికి ముందు ఏం జరిగింది? ఏమీ జరగకపోతే అదే రాయండి.
* ఎన్ని నిమిషాలకు ఆగింది? ఆగాక ఎలా ఉన్నారు?
* అంత బాధగా అనిపించిందా అంటే ఏమన్నారు? వారి మాటల్లోనే రాయండి.
* నిద్ర, తిండి, ఇష్టమైన పనులు ఎలా ఉన్నాయి?
* 'నేనుండి ఎవరికి లాభం' లాంటి మాటలన్నారా? అంటే రెండు వారాలు ఆగొద్దు. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఒంటరిగా వదలొద్దు.
* ఏడుపు వల్ల ఏయే పనులు మానేశారు?

వారు ఒప్పుకుంటే ఒకటిరెండుసార్లు ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. ఓపీలో డాక్టరు మీకిచ్చే పది నిమిషాల్లో ఆ ఏడుపు రాకపోవచ్చు. రాసిపెట్టిన కాగితం మాత్రం మీ చేతిలోనే ఉంటుంది.